సాయం తీసుకోవడం తప్పు కాదు, ఆ టిక్కు తప్పు

ప్రశ్న:

నమస్కారమండీ. నా వయసు 38. మావారు పోయి మూడేళ్లయింది. ఇద్దరు పిల్లలు. బాబు తొమ్మిదో తరగతి, పాప ఆరు. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయంతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఏడాదిగా ఇంట్లోనే బట్టలు కుడుతున్నాను. ఒక నెల తల ఎత్తడానికి తీరికుండదు, ఇంకో నెల మిషను మీద కప్పిన గుడ్డ తీసే పనే ఉండదు. ఆరు నెలలకోసారి ఆఫీసులో ఫారం నింపివ్వాలి. ‘మీ ఆదాయంలో మార్పు ఉందా?’ అని అడుగుతారు. మొన్న ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి, సంతకం చేసి వచ్చేశాను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

మా అన్నయ్యతో చెబితే నవ్వాడు. ‘అందరూ చేసేదే. ఇకమీదట కుట్టుపని డబ్బులు నా అకౌంట్‌లో వేయించుకో, నీ పేరు మీద ఏమీ కనపడదు’ అన్నాడు. ఎదురింటివాళ్లకు కారుంది, వాళ్లకూ ఈ సాయం వస్తోంది. మరి టెన్షన్ నాకొక్కదానికేనా?

ఒక స్కూల్‌వాళ్లు యూనిఫాంలు కుట్టమని అడిగారు. తీసుకుంటే ఆదాయ పరిమితి దాటిపోతుందేమోనని వద్దన్నాను. అదీ మోసమేనా? బాబు చదువు కోసం వాయిదాల మీద ఫోన్ కొన్నాను. ఎవరైనా వస్తే దిండు కింద దాచేస్తున్నాను. పాప పుట్టినరోజుకి హోటల్‌కి తీసుకెళ్తే తెలిసినవాళ్లు కనపడ్డారు. తల కొట్టేసినట్టయింది. పిల్లల ఫీజులో రాయితీ వస్తుందని టీచర్ గారు చెప్పారు. ఇప్పటికే ఒకటి తీసుకుంటున్నాం, రెండోది కూడా అడిగితే ఏమనుకుంటారోనని దరఖాస్తు పెట్టలేదు. ఈ సాయం మొత్తం మానేస్తే మనశ్శాంతి ఉంటుందేమో. నేను దొంగనా?

పేరు వద్దండీ.

జవాబు:

దొంగ కాదు. ఆ టిక్కు మాత్రం తప్పు. ఈ రెండూ ఒకేసారి నిజమని ముందు మీకు నచ్చితే, మిగతాదంతా తేలికవుతుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోన్, హోటల్, ఫీజు రాయితీ, వద్దన్న ఆర్డరు, అసలు సాయం తీసుకోవడం, ఫారంలో టిక్కు. అన్నిటినీ ఒకే మూటలో కట్టి నెత్తిన పెట్టుకున్నారు. అందుకే అంత బరువు. ఆ మూట విప్పి చూస్తే దిద్దుకోవాల్సింది ఒక్కటే ఉంది. దాన్ని మీరు నాలుగు ముక్కల్లో చెప్పేసి, సిగ్గుపడక్కర్లేని వాటి గురించి ఎక్కువ బాధపడ్డారు.

ముందు ఆ ఒక్కటి చూద్దాం. ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఏదైనా సరే, చాలావరకు తీసుకునేవాళ్ల మాట మీదే నడుస్తుంది. అధికారి వచ్చి మీ మిషను పక్కన కూర్చోలేడు. ఇలాంటి పని గురించి ఎక్కువగా మీరు రాసిచ్చిందే ఆయనకు తెలిసేది. ఫారం కింద ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అనే వాక్యం ఉండేది అందుకే. ఏడాదిగా నాలుగు డబ్బులు వస్తుండగా ‘మార్పు లేదు’ అంటే అది అబద్ధం. భయంతో ఆడిన అబద్ధమే, చిన్నదే, అయినా అబద్ధమే. దాన్ని మెత్తబరిచి చెబితే మీకు నిద్ర పట్టదు. పట్టదని మీకే తెలుసు, లేకపోతే నాకు రాసేవారే కాదు.

ఇందులో కాస్త విచిత్రం ఏమిటంటే, మీరు ఆ అబద్ధం అనవసరంగా ఆడి ఉండొచ్చు. చేతికొచ్చిన డబ్బంతా ఆదాయం కాదు. సొంతంగా పని చేసుకునేవాళ్లకు చాలా పథకాల్లో ఖర్చులు తీసేసి మిగిలిందే లెక్కలోకి తీసుకుంటారు. దారం, గుండీలు, జిప్పులు, మిషను రిపేరు, వీలైతే కరెంటులో ఒక వాటా. కొన్నిచోట్ల ఇంతలోపు సంపాదనను అసలు లెక్కలోకే తీసుకోరు, ఎందుకంటే పని చేసేవాళ్లను భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టడం ప్రభుత్వానికీ నష్టమే. మరికొన్నిచోట్ల సంపాదన పెరిగే కొద్దీ సాయం కొంచెం కొంచెంగా తగ్గుతుంది తప్ప ఒక్కసారిగా ఆగిపోదు. మీ పథకంలో ఏ పద్ధతి ఉందో మీరు అడగలేదు. అడిగితే దొరికిపోతామన్న భయంతో అడగలేదు. ఆ భయంతోనే టిక్కు పెట్టారు.

అలాగని ‘ఎలాగూ లెక్కలోకి రాదులే’ అని మీరే తీర్పు చెప్పుకుని ఊరుకోవద్దు. చెప్పడం మీ పని, లెక్క కట్టడం వాళ్ల పని. ఆ రెండో పని కూడా మీరే చేసుకున్నందుకే ఇదంతా వచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఒక తెల్ల కాగితం తీసుకుని ఇలా రాయండి: ‘ఫలానా తేదీన నేనిచ్చిన ఫారంలో ఆదాయంలో మార్పు లేదని రాశాను. అది సరికాదు. ఫలానా నెల నుంచి ఇంటి దగ్గర కుట్టుపని చేస్తున్నాను. నెలవారీ రాబడి, ఖర్చుల వివరాలు జతచేస్తున్నాను. వీటి ప్రకారం నా అర్హతను మళ్లీ లెక్కించగలరు.’ అంతే. భర్త పోయిన కష్టం, పిల్లల పరిస్థితి, క్షమాపణలు ఏవీ అక్కర్లేదు. ‘మోసం చేశాను’ అన్న మాట అసలు రాయొద్దు. ఇది దాచమని చెప్పడం కాదు. మోసం అనేది చట్టంలో ఒక బరువైన మాట, జరిగింది అదా కాదా అని తేల్చేది మీరూ నేనూ కాదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. కాగితం ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. కంప్యూటర్‌లో పంపితే వచ్చిన రసీదు నంబరు రాసిపెట్టుకోండి.

ఏమీ జరగదని మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఎక్కువగా తీసుకున్నారని తేలితే ఆ మేరకు తిరిగి కట్టమంటారు. కొన్నిచోట్ల జరిమానా కూడా ఉంటుంది. ఒక్కసారిగా కట్టలేకపోతే వాయిదాలు ఇవ్వమని అడగండి, అది మామూలుగా అడిగేదే, చాలాచోట్ల ఒప్పుకుంటారు. తనంతట తాను వచ్చి చెప్పినవాళ్లనీ, పట్టుబడ్డవాళ్లనీ చాలాచోట్ల ఒకేలా చూడరు. మీ లెక్కలు వేసుకున్నాక మొత్తం పెద్దదిగా కనిపిస్తే, కాగితం ఇచ్చే ముందు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చేవాళ్లకు ఒకసారి చూపించండి. అది కూడా నిజాయితీకి అడ్డం కాదు. నిజం చెప్పేవాళ్లకు కూడా పక్కన తెలిసినమనిషి ఉండొచ్చు.

కొత్త విషయం కూడా ఒకటి. నెలవారీ పుస్తకం పెట్టుకోండి. ఎవరి బట్టలు, ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, ఏ తేదీ. పని లేని నెలలో కూడా ఆ నెల పేరు రాసి, కింద ‘పని లేదు’ అని రాయండి. ఆ ఖాళీ పేజీ మీకు ఎంత ముఖ్యమో చెప్తాను.

ఆస్ట్రేలియాలో 2016 నుంచి ఒక పద్ధతి పెద్ద ఎత్తున నడిపారు. జనం దాన్ని ‘రోబోడెట్’ అన్నారు. సాయం తీసుకున్నవాళ్ల ఏడాది సంపాదనను పన్ను శాఖ దగ్గర తీసుకుని, కంప్యూటర్‌తో రెండేసి వారాలకు సమానంగా పంచేశారు. కొన్ని నెలలు పని దొరికి, పని లేని నెలల్లో మాత్రమే సాయం తీసుకున్నవాళ్లు కూడా ఆ సగటు లెక్కలో ఏడాదంతా సంపాదించినట్టు కనిపించారు. ‘మీరు ఇంత బాకీ’ అని ఉత్తరాలు వెళ్లాయి. ఎప్పటివో జీతం రసీదులు వెతుక్కుని తమ నిజం తామే నిరూపించుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ లెక్క చట్టవిరుద్ధమని తేలింది. దాదాపు 4,70,000 బాకీల సొమ్ము తిరిగిచ్చేస్తామని 2020లో ప్రభుత్వమే ప్రకటించింది. దాని మీద వేసిన విచారణ సంఘం (రాయల్ కమిషన్) 2023లో ఇచ్చిన నివేదిక చదివితే ఒళ్లు మండుతుంది.

నెదర్లాండ్స్‌లో ఇంకా ఘోరం. పిల్లల సంరక్షణకు ఇచ్చే భత్యం విషయంలో, కాగితాల్లో చిన్న లోపం ఉన్నా మొత్తం డబ్బు వెనక్కి కట్టమన్నారు. వేలాది తల్లిదండ్రులను మోసగాళ్ల కింద జమకట్టి అప్పుల్లో ముంచారు. ఆ వ్యవహారం బయటపడి 2021 జనవరిలో అక్కడి మంత్రివర్గమే రాజీనామా చేసింది.

ఇవి చదివి మీ అన్నయ్య ‘చూశావా, చెప్పడం వల్లే కష్టాలు’ అనొచ్చు. అక్కడ నలిగిపోయినవాళ్లలో ఎక్కువమంది నిజమే చెప్పినవాళ్లు. వాళ్లకు లేకుండా పోయింది చేతిలో ఆధారం, వినే అధికారి. రెండోది మీ చేతుల్లో లేదు. మొదటిది ఉంది. మీ సంపాదన నెలనెలా మారేది కాబట్టి ‘సగటున ఎంత?’ అని ఎవరు అడిగినా సగటు చెప్పకండి, పుస్తకం చూపించండి.

అన్నయ్య సంగతి. ఆయన చెడ్డవాడని నేననను, చెల్లెలి ఇల్లు గడవాలనే చెప్పాడు. కానీ డబ్బు ఆయన ఖాతాలోకి మళ్లిస్తే విషయం పూర్తిగా మారిపోతుంది. భయపడి తప్పు గడిలో టిక్కు పెట్టిన మనిషికీ, సంపాదన కనపడకుండా ఏర్పాటు చేసుకున్న మనిషికీ చాలా తేడా ఉంది. మొదటిదాన్ని ఒక కాగితంతో దిద్దుకోవచ్చు. రెండోది మొదలుపెడితే ప్రతి నెలా కొత్తగా చేయాల్సి వస్తుంది, పైగా ఆయన్నీ అందులోకి లాగినట్టవుతుంది. రేపు ఆ ఖాతా గురించి ఆయన్ని ఎవరైనా అడిగితే ఏం చెబుతాడు? ‘అందరూ చేసేదే’ అన్నది తిలాపాపం తలా పిడికెడు పంచుకోవడానికి పనికొస్తుందేమో. ఫారం మీద సంతకం మాత్రం మీ ఒక్కరిదే.

ఎదురింటి కారు గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అది వాళ్ల అన్నదమ్ములది కావొచ్చు, అద్దెకు తిప్పే బండి కావొచ్చు, వాళ్లు నిజంగానే అబద్ధం రాసి ఉండొచ్చు. మీ ఫారంలో వాళ్ల గడి లేదు.

ఇక యూనిఫాంల ఆర్డరు. వద్దనడం మోసం కాదు. పరిమితి లోపల ఉండాలని తక్కువ పని ఒప్పుకోవడం మీ ఇష్టం, ఏ నియమమూ దాన్ని నేరం అనదు. తీసుకుని దాచితే తప్పు. ఈ నెల కుట్టినవాటికి వచ్చే నెల రసీదు రాయడం కూడా అదే కోవలోకి వస్తుంది. నాకు ఇబ్బందిగా అనిపించింది వేరే సంగతి. పరిమితి ఎంతో కనుక్కోకుండా వద్దన్నారు. ఒక్క రూపాయి దాటితే సాయమంతా పోయే పథకాలు ఉన్న మాట నిజం. అలాంటి చోట ఎక్కువ పని చేసినవాళ్లే నష్టపోతారు. అది పథకం రాసినవాళ్ల లోపం, దానికి మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ మీది అలాంటిదో కాదో తెలియకుండా ఏడాదికోసారి తప్పకుండా వచ్చే ఆర్డరు వదులుకుంటే ఎలా? ఆఫీసుకు వెళ్లినప్పుడే అడగండి: దాటితే ఎంత తగ్గుతుంది, ఏ నెల నుంచి తగ్గుతుంది, మళ్లీ పని తగ్గితే సాయం తిరిగి మొదలుపెడతారా, దానికి ఎన్నాళ్లు పడుతుంది? చివరి ప్రశ్నకు జవాబు చాలా ముఖ్యం. మళ్లీ దరఖాస్తు చేసి నెలల తరబడి ఎదురుచూడాలంటే ఆ ఆర్డరు మీద మీ నిర్ణయం ఒకలా ఉంటుంది, వెంటనే మొదలవుతుందంటే ఇంకోలా ఉంటుంది.

ఇప్పుడు ఫోన్, హోటల్. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ భాగమే.

సాయం తీసుకునేవాళ్లు పేదగా ఉండటం చాలదు, పేదగా కనపడాలి కూడా అన్న ఆలోచన మీతో పుట్టింది కాదు. ఇంగ్లండులో 1834లో తెచ్చిన పేదల చట్టం ఆ మాటను సూత్రంగానే పెట్టుకుంది. సాయం పొందేవాడి బతుకు, కూలి చేసుకునే అతి పేదవాడి బతుకు కంటే హీనంగా ఉండాలి, అప్పుడే ఎవరూ సాయం కోరి రారు అని. దాదాపు వందేళ్ల తర్వాత, 1931లో, నిరుద్యోగులకు సాయం ఇవ్వడానికి ఇంట్లో అందరి ఆదాయాన్నీ కలిపి చూసే పరీక్ష పెట్టారు. అధికారులు ఇళ్లలోకి వచ్చి సామాన్లు చూసేవాళ్లు. పనికెళ్లే కొడుకు జీతాన్ని తండ్రి సాయంలోంచి కోసేవాళ్లు. ఇంట్లో ఉంటే తండ్రి నోటికాడిది పోతోందని పిల్లలు వేరే చోటికి వెళ్లిపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఆ అవమానాన్ని జనం ఎంతగా అసహ్యించుకున్నారంటే, 1942లో బెవరిడ్జ్ అనే ఆర్థికవేత్త అక్కడి సాయం పద్ధతుల మీద తన నివేదిక రాసేటప్పుడు ఈ పరీక్ష అవసరమే రాని బీమా పద్ధతిని ముందు పెట్టాడు.

అప్పట్లో ఇళ్లలో సామాన్లు చూసింది అధికారులు. ఆ పని ఇప్పుడు చుట్టాలూ ఇరుగుపొరుగూ చేస్తున్నారు. వాళ్లు రాకముందే మీరే ఫోన్ దిండు కిందికి తోసేస్తున్నారు. ఎందుకు? ఫోన్ తప్పని కాదు. నిజంగా దాచింది ఒకటుంది కాబట్టి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ టిక్కు ఒకటి లోపల గుచ్చుతుంటే ఇంట్లో ప్రతి వస్తువూ సాక్ష్యంలా కనిపిస్తుంది. కాగితం ఇచ్చిన రోజున ఫోన్ దానంతట అదే బల్ల మీదికి వస్తుంది చూడండి.

అర్హత ఫారం అడిగేది ఆదాయం, ఆస్తి, ఇంట్లో ఎంతమంది అని. పాప పుట్టినరోజు ఎలా జరిపారని ఏ గడీ అడగదు. పొదుపులకూ స్థలాలకూ కొన్ని పథకాల్లో పరిమితి ఉంటుంది, వాటి గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి. బాబు చదువుకునే ఫోన్ ఆ కోవలోకి రావడం నేను ఎక్కడా వినలేదు. ఇచ్చిన డబ్బు ఇచ్చాక మీది. దాన్ని నెలంతా సరిపెట్టి, అందులోంచి ఒక సాయంత్రం పిల్లను బయటికి తీసుకెళ్లడం బాధ్యత లేకపోవడం కాదు. లెక్క తెలిసిన ఇల్లాలు చేసే పనే అది. హోటల్లో కనపడ్డవాళ్లు ఏమైనా అన్నారా? మీరు రాయలేదు. అనలేదనుకుంటాను. అన్నా, వాళ్లకు జవాబుదారీ కావాల్సిన పని మీకు లేదు.

అంతా మానేస్తే మనశ్శాంతి అన్నారు. ఆ ఆలోచన నాకు అర్థమవుతుంది, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మాటిమాటికీ కనపడేదే. చేతులు దులుపుకుంటే పాపం పోయినట్టు అనిపిస్తుంది. కానీ చెప్పాపెట్టకుండా మానేస్తే ఆ పాత ఫారం అలాగే ఉంటుంది, దాని మీద మీ సంతకమూ అలాగే ఉంటుంది. పైగా అందులో పిల్లల వాటా ఉంది. మీ మనసు తేలిక చేసుకోవడానికి వాళ్ల పుస్తకాల డబ్బు వదిలేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. మిషను బాగా నడిచి, నిజంగానే అవసరం తీరిన నెల వస్తే అప్పుడు ఇంకో కాగితం రాసిచ్చి దర్జాగా బయటికి రండి.

ఫీజు రాయితీ దగ్గర మీరు ‘రెండోది’ అన్నారు. ఇద్దరు పిల్లల తల్లికి ఇల్లు గడవడం ఒక ఖర్చు, చదువు ఇంకో ఖర్చు. అందుకే వేర్వేరు పథకాలు పెట్టారు. ఒకటి తీసుకుంటే రెండోది రాదని నియమం ఉంటే ఫారంలోనో పథకం నియమాల్లోనో రాసి ఉంటుంది. లేకపోతే అది మీకోసం పెట్టిందే. చాలాచోట్ల మొదటి సాయం అందుతోందన్న కాగితమే రెండోదానికి అర్హత పత్రంగా పనికొస్తుంది కూడా. మీరు వదిలేసిన రాయితీ మీకంటే పేదవాళ్లకు చేరుతుందనుకుంటున్నారేమో, సాధారణంగా అలా జరగదు. అర్హులైనవాళ్లు అడగలేదంటే అవసరమే లేదని లెక్క రాసేస్తారు.

కాబట్టి టీచర్ గారి దగ్గర ఆ ఫారం తీసుకోండి. ఆదాయం గడిలో కుట్టుపని సంపాదన రాయండి, ఆఫీసులో ఇచ్చే కాగితంలో ఏ అంకెలు రాశారో ఇక్కడా అవే ఉండాలి. రెండు చోట్ల రెండు లెక్కలు పడకుండా ముందు పుస్తకం పూర్తి చేసుకుని, ఆ తర్వాతే రెండు కాగితాలూ నింపండి. రాయితీకి ఆఖరు తేదీ ఎప్పుడో రేపే కనుక్కోండి.